శుక్రవారం నాటి రోకటి చప్పుడు

నా చిన్నప్పుడు, మేము మస్కట్‌లో ఉన్న రోజుల్లో, మా ఇంట్లో ఒక పొట్టి రోకలి ఉండేది. కారం కొట్టుకోవడానికి ఆ దేశంలో ఏం దొరుకుతుందో ఏమోనని మా అమ్మ దాన్ని కాకినాడ నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకుంది. విమానాశ్రయంలో పెట్టె తెరిపించిన ఉద్యోగి దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, అమ్మ వైపు ఒకసారి, నాన్న వైపు ఒకసారి చూసి, నాన్న భుజం తట్టి పంపించాడట. ఈ సంగతి నాన్న ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించేవారు. ఆ శుక్రవారం తర్వాత మాత్రం ఆ కథ మా ఇంట్లో మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

అది డెబ్భైల నడిమి కాలం. ఒమాన్‌లో రోడ్లు, బడులు, ఆసుపత్రులు అన్నీ ఒకేసారి లేస్తున్నాయి. నాన్న ఒక కట్టడాల కంపెనీలో నక్షాలు గీసేవారు. చాలాకాలం ఒక గదిలో నలుగురు మగవాళ్ళతో సర్దుకుని ఉండి, కంపెనీ వాళ్ళు సంసారం పెట్టుకోవడానికి ఇల్లు ఇచ్చాక అమ్మనీ నన్నూ పిలిపించుకున్నారు. మస్కట్ పక్కనే రూవీలో సిమెంటు ఇటుకల ఇల్లు, చుట్టూ ఎత్తయిన గోడ, ఆ గోడ అవతల హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కొత్త జంట. వాళ్ళలో ఆవిణ్ణి నేను అక్కా అనేదాన్ని. ఊరి నుంచి ఎవరు వచ్చినా ఆమెకి వారపత్రికలు తెచ్చేవారు. అవి చదవడం అయ్యాక గోడ మీద పెట్టి నన్ను పిలిచేది. నాకు చదువు మీద ఆశ పుట్టింది ఆ గోడ దగ్గరే.

ఇంటితో పాటు కంపెనీ నాన్నకి ఒక తెల్ల కారు ఇచ్చింది. సైట్లకి తిరగడానికి ఇచ్చిన కారు అది. సెలవునాడు, అంటే అక్కడ శుక్రవారం, దాన్ని ఇంటి ముందు నిలబెట్టి ఉంచాలి. మిగతావాళ్ళు ఆ మాట పట్టించుకోకుండా శుక్రవారాలు షికార్లకి తిరిగేవారు గానీ, నాన్నకి భయం. కానీ వచ్చిన దగ్గర్నుంచి అమ్మ ఆ నాలుగు గోడలు దాటి పచ్చని చెట్టు అనేది చూడలేదు. ఎండ, కొండ, సిమెంటు, అంతే. ఒక శుక్రవారం పొద్దున్నే నాన్న తనంతట తానే, "బర్కా వెళ్ళొద్దాం పదండి, ఖర్జూరం తోటలు చూద్దురు గాని," అన్నారు. అమ్మ పులిహోర చేసి వెనక సీట్లో గిన్నె పట్టుకుని కూర్చుంది. నన్ను ముందు కూర్చోమన్నారు. అక్కడి కార్లకి డ్రైవరు ఎడమవైపు ఉంటాడు కాబట్టి నేను కుడి కిటికీ పక్కన కూర్చున్నాను.

అల్ మవాలే అనే ఊరు దాటాక రోడ్డు పని జరుగుతోంది. ఇసుక నింపిన ఇనుప పీపాలు వరసగా పెట్టి, బండ్లని కంకర దారిలోకి మళ్ళించారు. ఎక్కడినుంచి వచ్చిందో ఒక మేక మా ముందుకు దూకింది. నాన్న స్టీరింగు తిప్పారు. కారు కంకర మీద జారి, నేను కూర్చున్న వైపు ఒక పీపాకి ఒరుసుకుని ఆగింది. పెద్ద దెబ్బ కాదు. గిన్నెలో పులిహోర కూడా ఒలకలేదు. నా తల మాత్రం తలుపు పక్కనున్న ఇనుప కడ్డీకి తగిలింది. ఒక్క క్షణం చెవిలో గంట మోగినట్టయి ఆగిపోయింది.

నాన్న దిగి పరుగున నా వైపు వచ్చారు. తలుపు లాగారు, రాలేదు. అద్దంలోంచి నా మొహం చూసి, "దెబ్బ తగిలిందా అమ్మడూ?" అన్నారు. లేదని తల ఊపాను. అబద్ధం కాదు, నాకు నొప్పిగా లేదు. అప్పుడు ఆయన చూపు కిందికి, తలుపు మీదికి జారింది. జారి అక్కడే ఉండిపోయింది. పళ్ళెం అంత సొట్ట. నేను అద్దం ఇవతలి నుంచి ఆయన మొహాన్నే చూస్తున్నాను. అంతకు ముందు ఎప్పుడూ మా నాన్న భయపడితే ఎలా ఉంటారో నాకు తెలియదు.

బర్కా వెళ్ళలేదు. తిరిగి ఇంటికి వచ్చేశాం. దారి పొడుగునా ఆయన అమ్మతో చెప్పినవన్నీ నాకు అప్పుడు సగమే అర్థమయ్యాయి. షెడ్డుకి తీసుకెళ్తే పోలీసు కాగితం లేకుండా సొట్ట ముట్టుకోరు. కాగితం కోసం వెళ్తే ఏ రోజు, ఏ దారిలో, ఎవరున్నారు అన్నీ రాస్తారు. ఆ రాత కంపెనీకి చేరుతుంది. సెలవునాడు సంసారాన్ని ఎక్కించుకుని కంపెనీ కారు గుద్దాడని తెలిస్తే ఇల్లు తీసేసుకుంటారు, ఉద్యోగం కూడా తీసేయవచ్చు. మళ్ళీ ఆ నలుగురు మగవాళ్ళ గది, లేకపోతే కాకినాడ. "రేపు పొద్దున్న డ్యూటీకి ఈ కారే తీసుకెళ్ళాలి. ఈ లోపల ఇది పోవాలి," అన్నారు. అమ్మ వెనక నుంచి ఏదో అంది. నాకు వినపడలేదు. కిటికీ లోంచి వచ్చే గాలి హోరు అనుకున్నాను.

ఇంటికి వచ్చి నా జడ విప్పుతుంటే అమ్మకి కనిపించింది. కుడి చెవి లోంచి సన్నగా దారం లాగా నెత్తురు కారి ఎండిపోయి ఉంది. చీర చెంగుతో తుడిచి, దూది పెట్టి, "తోలు గీసుకుంది," అంది. నాన్న వచ్చి చూశారు. ఆసుపత్రి మాట అమ్మ నోట వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపారు. కారు దెబ్బ అంటే ఆసుపత్రి వాళ్ళు కూడా పోలీసులకి కబురు పెడతారు. "ఆడుతూనే ఉంది కదా. సాయంత్రం దాకా చూద్దాం," అన్నారు. తర్వాత నా ముందు కూర్చుని, ఎవరైనా అడిగితే మెట్ల మీంచి పడ్డానని చెప్పమన్నారు. మా ఇంటికి మెట్లే లేవు. ఆ సంగతి ఆయనకి గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు.

మధ్యాహ్నం నమాజు వేళ దాటాక సైట్‌లో వడ్రంగి పని చేసే ఒకాయన వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, నాన్నంటే ఆయనకి చాలా గౌరవం. కారుని గోడకి ఆనించి నిలబెట్టి, ఎండకి దుప్పటి కట్టి, సొట్ట చుట్టూ ఒకసారి వేలు తిప్పాడు.

"గిదేంది సార్, గింత దానికి గంత బుగులా? పొద్దు గూకకముందే సాపు జేసి ఇస్త."

"ఇదివరకెప్పుడైనా చేశావా?" అన్నారు నాన్న.

"తలుపులు జేసుడే గద సార్ నా పని. గది చెక్క తలుపు, గిది ఇనుప తలుపు. తలుపు తలుపే."

భయపడ్డ మనిషికి ధైర్యంగా మాట్లాడేవాడు దొరికితే ఇంకేం అడగడు. నాన్నా అడగలేదు. తలుపు లోపలి అట్ట ఊడదీశారు. సుత్తితో కొడితే గుర్తులు పడతాయి, మెత్తగా కొట్టాలి అన్నాడాయన. ఇంట్లో మెత్తగా కొట్టేది ఏముందని అమ్మని అడిగారు. రోకలి ఇచ్చింది. దాని మూతికి తువ్వాలు చుట్టారు. బయట ఆనించి పట్టుకోవడానికి చదునైన ఇనుము కావాలన్నారు. అమ్మ దోసెల పెనం ఇచ్చింది. వడ్రంగి లోపలి నుంచి దంచడం, నాన్న బయట పెనం అదిమి పట్టుకోవడం. అలా మొదలైంది.

నన్ను లోపల పడుకోబెట్టారు. ప్రతి దెబ్బా నా తలలోనే పడుతున్నట్టుంది. కడుపులో తిప్పుతోంది, మంచం పడవలాగా ఊగుతోంది. అమ్మ దూది మార్చింది. ఈసారి నెత్తురు లేదు, నీళ్ళలాగా ఏదో తడి. చెమట అనుకుంది. ఆమె తప్పేం లేదు, చెవిలోంచి నీళ్ళు కారితే ప్రమాదమని ఆమెకెవరూ చెప్పలేదు. నేను అటూ ఇటూ దొర్లుతూ ఒక వింత కనిపెట్టాను. ఎడమవైపు తిరిగి, ఎడమ చెవి దిండులో పూడ్చుకుంటే దంపుడు ఆగిపోయేది. వెల్లకిలా తిరిగితే మళ్ళీ మొదలయ్యేది. మొదట వాళ్ళు నిజంగానే ఆపుతున్నారనుకున్నాను. తర్వాత ఇది నా చేతిలో ఉన్న ఉపాయమని తెలిసి మురిసిపోయాను. కావాలన్నప్పుడు లోకాన్ని ఆపేయవచ్చు. ఎవరికీ చెప్పకూడదు, ఇది నా రహస్యం అనుకున్నాను.

బయట సొట్ట పైకి వచ్చింది. వచ్చి ఆగలేదు. ఒకచోట లోపలికి ఉన్నది ఇంకోచోట బయటికి ఉబ్బింది. ఉబ్బిన చోట కొడితే పక్కన గుంట పడింది. వడ్రంగి గొంతులో ధైర్యం తగ్గుతున్న కొద్దీ దెబ్బలు ఎక్కువయ్యాయి. చివరికి చెక్కల సందులు పూడ్చే లప్పం తెచ్చి మెత్తి, ఎమరీ కాగితంతో రుద్ది, కిటికీలకి వేసే తెల్ల రంగు కుంచెతో పూశారు. కారు తెలుపు వేరు, ఈ తెలుపు వేరు. నాన్న అది చూసి, గుప్పెడు మట్టి తీసుకుని తడి ఆరీ ఆరని రంగు మీద చల్లారు. రెండో గుప్పెడు కారు మొత్తం మీద చల్లారు. సైట్లకి తిరిగే బండి మురికిగా ఉంటే ఎవరూ అనుమానపడరు కదా. నేను కిటికీ పట్టుకుని నిలబడి అదంతా చూశాను. ఎప్పుడూ గుడ్డతో తుడిచి తుడిచి పెట్టుకునే కారు మీద మా నాన్న మట్టి చల్లుతున్నారు.

మర్నాడు డ్యూటీకి వెళ్ళారు, వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. గోడ అవతలి నుంచి అక్క మాత్రం అమ్మని పలకరించింది.

"ఏం దంచిన్రు వదినా నిన్న పొద్దంతా? మా గోడకున్న గడియారం సుత అదిరింది."

"కారం కొట్టుకున్నాం అమ్మాయ్."

"ఔనా? ఘాటు రాలేదు గద వదినా. నాకు ఒక్క తుమ్ము గూడ రాలే."

అమ్మ పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వచ్చేసింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ పూట దోసె వేస్తే మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా వచ్చింది. పెనానికి కూడా సొట్ట పడింది. ఆ పెనాన్ని మా అమ్మ పారేయలేదు, వాడటం మానలేదు. నాకు పెళ్ళయ్యేదాకా మా ఇంట్లో దోసె అలాగే వచ్చేది.

ఆ తలుపుకి ఇంకొక జబ్బు కూడా పట్టింది. మధ్యాహ్నం ఎండ ముదిరే వేళకి, ఎవరూ ముట్టుకోకుండానే, 'టప్' మని మోగి రేకు బయటికి ఉబ్బేది. పొద్దు వాలి చల్లబడ్డాక మళ్ళీ 'టప్' మని లోపలికి పోయేది. చాలా ఏళ్ళకి మా ఊరి శాఖా గ్రంథాలయంలో లోహాల గురించిన పుస్తకం ఒకటి చదివి దాని కారణం తెలుసుకున్నాను. రేకుని అతిగా కొడితే అది సాగుతుంది. సాగిన రేకు తనున్న చోట పట్టదు. అందుకని వేడెక్కినప్పుడల్లా చోటు వెతుక్కుంటూ అటూ ఇటూ దూకుతుంది. అప్పుడు మాత్రం అది మోగినప్పుడల్లా నాన్న ఉలిక్కిపడటం ఒక్కటే తెలుసు.

ఆదివారానికి నాకు జ్వరం వచ్చింది. లేచి నిలబడితే కుడివైపు ఒరిగిపోయేదాన్ని. తిన్నది నిలవడం లేదు. నాన్న పొద్దున్నా సాయంత్రమూ నా పక్కన కూర్చుని, "ఎలా ఉంది?" అనేవారు. ఆ ప్రశ్నలో ఆయనకి కావలసిన జవాబు నాకు తెలుసు. "బాగానే ఉంది నాన్నా," అనేదాన్ని. ఆయన మొహం కాస్త తేటపడేది. అది చూడటానికే చెప్పేదాన్ని.

సోమవారం పొద్దెక్కాక అక్క చేతిలో వారపత్రికతో వచ్చింది. నేను గోడ దగ్గరికి రావడం మానేశానని వచ్చింది. చేతిలో పుస్తకం పెడితే నేను తెరవలేదు. అది చూడగానే ఆమెకి ఏదో అర్థమై ఉంటుంది. ఎక్కడ పడ్డావంది. మెట్ల మీద అన్నాను. ఆమె మా ఇల్లంతా ఒకసారి కలియజూసి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. "రహస్యం చెప్తా, ఆట ఆడదామా?" అంది. నన్ను తన ఒళ్ళోకి తీసుకుని, కళ్ళు మూసుకోమంది. ఎడమ చెవి మీది జుట్టు తొలగించి, చెంగు అడ్డం పెట్టి గుసగుసగా చెప్పింది: "వచ్చేవారం పుస్తకం వస్తే నాకన్న ముందు నీకే ఇస్త." నేను నవ్వి అదే మాట తిరిగి చెప్పాను. తర్వాత నన్ను రెండో వైపు తిప్పుకుంది. కుడి చెవి లోని దూది తీసింది. చెంప మీద ఆమె ఊపిరి వెచ్చగా తగిలింది. వెచ్చగా, చాలాసేపు. నేను కళ్ళు మూసుకుని ఎదురు చూస్తున్నాను, ఎప్పుడు చెప్తుందా అని.

"చెప్పక్కా," అన్నాను.

కళ్ళు తెరిచి చూస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు. "చెప్పిన బిడ్డా," అంది.

నా ఉపాయం ఉపాయం కాదని నాకు అప్పుడు తెలిసింది.

నాన్న మధ్యాహ్నం భోజనానికి కారులో వచ్చే వేళకి అక్క మా గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ ఆమె వెనక. నాన్నని లోపలికి రానివ్వలేదు. కారు పక్కనే ఎండలో నిలబెట్టి అడిగింది.

"అన్నా, ఈ తలుపుకు ఇద్దరు మగోళ్ళు పొద్దు గూకేదాక పన్జేసిన్రు. పిల్ల చెవికి ఎవ్వరున్నరు?"

నాన్నకి కోపం వచ్చింది. పరాయివాళ్ళ ముందు బయటపడ్డవాళ్ళకి ముందు వచ్చేది కోపమే. "నీకు తెలీదమ్మా. కాగితం రాస్తారు. ఉద్యోగం తీసేస్తారు. మమ్మల్ని ఇక్కడి నుంచి పంపించేస్తారు."

"పంపితే ముగ్గురు పోతరు అన్నా. గిట్లనే ఉంటే ఇద్దరే పోతరు."

అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే 'టప్' మని తలుపు మోగింది. నాన్న ఆ తలుపు వైపు చూశారు. మట్టి రాలిపోయిన చోట మా కిటికీల తెలుపు కనిపిస్తోంది.

అక్క గొంతు తగ్గించింది. "నేను వస్త నీ ఎంబడి. మా ఇంట్ల మెట్ల మీదికెల్లి పడ్డదని చెప్త. పొద్దుగాల్నే పడ్డదని చెప్త. నా మీద పెట్టుకుంట. నీ పేరు రాదు, కారు పేరు రాదు. పిల్లనైతే ఎక్కియ్యి."

ఇంకొకరి ఇంటి పిల్ల కోసం, పోలీసులు వస్తారో రారో తెలియని దేశంలో, అంత చిన్న వయసు మనిషి ఆ మాట ఎలా అనగలిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. నాన్న నన్ను ఎత్తుకుని వెనక సీట్లో అమ్మ ఒళ్ళో పడుకోబెట్టారు. కుడి ముందు తలుపు ఎలాగూ తెరుచుకోదు.

ఆసుపత్రిలో డాక్టరు పొడుగాటి మనిషి, ఏ దేశం ఆయనో నాకు తెలియదు. చెవిలో లైటు వేసి చూశాడు. మెడ వంచబోతే నేను అరిచాను. అక్క అన్నట్టుగానే మెట్లని, పొద్దున్నే అని హిందీలో చెప్పింది. ఆయన చెవిలోని ఎండిన నెత్తురుని చూపించి ఇది పొద్దుటిది కాదన్నాడు. కోప్పడలేదు. వరసగా అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు తగిలింది? దేనికి తగిలింది? స్పృహ తప్పిందా? చెవిలోంచి నీళ్ళలాంటిది కారిందా, ఎన్నాళ్ళ నుంచి? ఏ మందు ఎంత ఇవ్వాలో ఆ జవాబుల మీద ఆధారపడి ఉంటుందన్నాడు. అక్క దగ్గర ఆ జవాబులేవీ లేవు. ఆమె అబద్ధం మమ్మల్ని గుమ్మం దాకా తీసుకురాగలిగింది, తాను మాత్రం లోపలికి రాలేకపోయింది. ఆమె తల తిప్పి నాన్న వైపు చూసింది.

నాన్న డ్యూటీ బూట్లతో, చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నారు. చేతులు విప్పుకుని ముందుకు వచ్చారు. "కారులో తగిలింది. కంపెనీ కారు. నడిపింది నేను. శుక్రవారం పొద్దున," అన్నారు. ఇంగ్లీషులో, ఒక్కొక్క ముక్కా విడదీసి. డాక్టరు తల ఊపి రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఎడమ చెవితో ఆ మాటలన్నీ విన్నాను. మా నాన్న ఆ తర్వాత ఎన్నో మాట్లాడి ఉంటారు. నాకు ఆయన గొంతు గుర్తు చేసుకోవాలంటే ఈ నాలుగు ముక్కలే వినిపిస్తాయి.

పుర్రె ఎముకలో చెవి దగ్గర సన్నని పగులు. ఆ పగులు లోంచి క్రిములు తల లోపలికి పోయాయి. చాలా రోజులు అక్కడే ఉన్నాను. బతికాను. కుడి చెవి మాత్రం బతకలేదు.

నాన్న భయపడ్డవి చాలావరకు జరిగాయి, కానీ ఆయన అనుకున్నంత మొరటుగా జరగలేదు. పోలీసాయన ఆసుపత్రికి వచ్చి, నా మంచం పక్కన టోపీ తీసి కూర్చుని, ఏం జరిగిందో రాసుకుని వెళ్ళాడు. కంపెనీ ఉద్యోగం తీయలేదు. ఫ్యామిలీ ఇల్లు తీసేసి, ఎడారిలో ఎక్కడో దూరపు సైట్‌కి వేసింది. నేను నడవగలిగాక అమ్మా నేనూ కాకినాడ వచ్చేశాం. నాన్న ఇంకా చాలా ఏళ్ళు అక్కడే, గదిలో, ఒంటరిగా ఉన్నారు. రోకలి మాతోనే తిరిగి వచ్చింది. అమ్మ దాన్ని అటక మీద పెట్టి, కారం మరకి ఇవ్వడం మొదలుపెట్టింది.

మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు నాన్న అమ్మకి చెబుతుంటే విన్నాను. పోలీసు కాగితం వచ్చాక కంపెనీ ఆ కారుని షెడ్డుకి పంపింది. నాన్నే తీసుకెళ్ళారు. సొట్టలు తీసే మిస్త్రీ అరచెయ్యి తలుపు మీద ఆనించి, పై నుంచి కింది దాకా ఒకసారి నిమిరి, లప్పం కింద ఏముందో చెప్పేశాడట. గుద్దుకున్న సొట్ట తేలిగ్గా పోయేదేననీ, తర్వాత దంచినదే పోదనీ, తలుపు మార్చాల్సిందేననీ అన్నాడట. నాన్న ఆసుపత్రిలో డాక్టరుని కూడా అదే అడిగారట. శుక్రవారమే తెస్తే చెవి దక్కేదా అని. డాక్టరు చెప్పలేమన్నాడు. తలుపు సంగతి అడిగితే జవాబు దొరికింది, పిల్ల సంగతి అడిగితే దొరకలేదు. ఆ దొరకని జవాబుతోనే మా నాన్న మిగతా జీవితమంతా బతికారు.

బళ్ళో నన్ను ఎడమ చెవి పంతులమ్మ వైపు ఉండేలా కూర్చోబెట్టేవారు. అయినా సగం పాఠం గాలిలో పోయేది. పోయిన సగాన్ని నేను శాఖా గ్రంథాలయంలో ఏరుకున్నాను. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి నాకూ మిగతావాళ్ళకీ తేడా ఉండేది కాదు. కథలు, చరిత్ర, వైద్యం, యంత్రాలు, ఏ బీరువా తాళం తీస్తే ఆ బీరువా చదివాను. కాలేజీకి వెళ్ళకపోయినా నాకు తెలిసిన నాలుగు విషయాలూ అక్కడ నేర్చుకున్నవే, అందుకు నాకు గర్వమే. పెద్దదాన్నయ్యాక శరీరధర్మాల పుస్తకం ఒకటి దొరికింది. చెవి ఎముక పగిలినప్పుడు చాలామందికి దెబ్బ తగిలిన క్షణంలోనే వినికిడి పోతుందనీ, కొందరికి మాత్రం వెంటనే వైద్యం అందితే కొంత మిగలవచ్చనీ అందులో ఉంది. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి నాన్నకి చదివి వినిపించాను. అప్పటికి ఆయన అక్కడి పని మానుకుని వచ్చేశారు. పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని విన్నారు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

"కొందరికి అంటే?" అన్నారు.

"అంతకన్నా రాయలేదు నాన్నా."

ఆయన తల ఊపి, పుస్తకం గడువు లోపల తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఆ తర్వాత మా మధ్య ఆ మాట రాలేదు.

చిన్న సొట్టలు ఇంట్లోనే బాగు చేసుకోవడం తప్పని నేను అనను. మా ఇంట్లో కుళాయి కారినా, మిక్సీ ఆగినా ముందు పుస్తకం తిరగేసి, తర్వాత నేనే విప్పుతాను. చేతకాకపోతే మనిషిని పిలుస్తాను. అందులో సిగ్గేం లేదు. కానీ ఎవరైనా నా దగ్గరికి వచ్చి, చిన్నదే, బయట తెలియకుండా మనమే సర్దేసుకుందాం అంటే మాత్రం నేను వెంటనే ఊ అనను. వాళ్ళ చూపు దేని మీద ఆగిపోయిందో చూస్తాను. దాని పక్కన, అద్దం వెనక ఎవరైనా కూర్చుని ఉన్నారేమోనని చూస్తాను.

మా మనవలు ఎవరైనా కింద పడి తలకి తగిలించుకుంటే, ఏడుపు ఆగాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని రహస్యం ఆట ఆడతాను. ఒక చెవిలో ఒకటి, ఇంకో చెవిలో ఇంకొకటి. ఇదేం ఆట నాయనమ్మా అని నవ్వుతారు. రెండు రహస్యాలూ తిరిగి చెప్పేదాకా నేను నవ్వను.

పక్కింటి అక్కని నేను మళ్ళీ చూడలేదు. వాళ్ళు ఆ దేశం నుంచి ఇంకో దేశం వెళ్ళారని విన్నాం. ఆ రోజు నా కుడి చెవిలో ఏం చెప్పిందని అడగాలని ఎంత అనుకున్నానో. బహుశా పెద్ద సంగతేమీ అయి ఉండదు. పరీక్షించడానికి ఏదో ఒక మాట అని ఉంటుంది. కానీ చాలాసేపు చెప్పింది. ఇప్పటికీ ఎవరైనా నా కుడి పక్కకి వచ్చి దగ్గరగా వంగితే, ఏం అంటున్నారో వినపడదు గానీ చెంప మీద ఊపిరి తగులుతుంది. అప్పుడు నేను వెంటనే ఎడమవైపు తిరగను. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాను, చెప్పడం ఇంకా అయిపోలేదేమోనని.